పద్దుల్లో దొరికిన తాత: అమెరికా దక్షిణాది కథల్లో ఇంటిగుట్టు

పదహారేళ్ల కుర్రాడు. అర్ధరాత్రి దాటాక, తనను పెంచిన పెద్ద బంధువు గదిలోంచి తాళంచెవి తెచ్చుకుని, ప్లాంటేషన్ సరుకుల కొట్టులోకి వెళ్లి, లోపల గడియ పెట్టుకుని పాత చిట్టాలు తిరగేస్తుంటాడు. అవి వాళ్ల నాన్న, నాన్నతో పుట్టిన కవల సోదరుడు కలిసి రాసిన లెక్కలు. ఇద్దరికీ స్పెల్లింగ్ అంతంతమాత్రం. బానిసల కొనుగోళ్లు, పెళ్లిళ్లు, పుట్టుకలు, చావులు అన్నీ ఆ పుస్తకాల్లోనే పద్దులుగా పడి ఉంటాయి. యూనిస్ అనే ఆమె పేరు కింద ఇలా ఉంటుంది: 1807లో న్యూ ఆర్లీన్స్‌లో నాన్న (అంటే లెక్కలు రాసినవాళ్ల నాన్న, ఈ కుర్రాడి తాత) కొన్నాడు, 650 డాలర్లు. 1809లో తూసిడస్‌తో పెళ్లి. 1832 క్రిస్మస్ రోజున వాగులో మునిగింది.

ఆ కింద రెండో సోదరుడి చేతిరాత. 1833 జూన్ 21: తనే మునిగింది. రెండు రోజులకు మొదటి సోదరుడి జవాబు: నల్లవాళ్లు తమంతట తాము మునిగి చావడం ఎక్కడైనా విన్నామా? ఆగస్టు 13న మళ్లీ రెండో చేతిరాత, అదే ముక్క: తనే మునిగింది.

అమెరికా దక్షిణాది రచయిత విలియం ఫాక్నర్ 1942లో ప్రచురించిన ‘గో డౌన్, మోజెస్’లోది ఈ ఘట్టం. కుర్రాడి పేరు ఐక్ మెక్‌కాస్లిన్. బతికున్న రోజుల్లో ఆ అన్నదమ్ములు ఒకరితో ఒకరు అనలేకపోయిన మాటను చిట్టాలో వాదించుకున్నారని వాడికి అర్థమవుతుంది. ఇంకో పేజీలో మిగతాది దొరుకుతుంది. యూనిస్ కూతురు టోమీ 1833 జూన్‌లో పురిట్లోనే చనిపోయింది. పుట్టిన మగబిడ్డ టర్ల్. తండ్రి పేరు ఉండాల్సిన దగ్గర ‘నాన్న వీలునామా’ అని ఒక్క ముక్క. ఐక్ తాత కరోథర్స్ మెక్‌కాస్లిన్ వీలునామాలో టర్ల్‌కి వెయ్యి డాలర్లు రాశాడు. లెక్క కట్టుకుంటే టోమీకి తండ్రి ఆ ముసలాయనే, టోమీ బిడ్డకు తండ్రీ ఆయనే. ఆ సంగతి తెలిసిన క్రిస్మస్ నాడు యూనిస్ వాగులోకి నడిచింది.

ఆ వెయ్యి డాలర్ల గురించి ఐక్ మనసులో అనుకునే మాట ఒకటుంది: ఒక నల్లవాణ్ణి ‘నా కొడుకా’ అని పిలవడం కంటే అది చవక పడింది కాబోలు.

అమెరికా దక్షిణాది సాహిత్యంలో కుటుంబ రహస్యం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. మనం మామూలుగా రహస్యం అనగానే ఎవరికీ తెలియనిది, చివరి పేజీలో బయటపడేది అనుకుంటాం. ఈ కథలను అలా డిటెక్టివ్ నవలల్లా చదివితే నిరాశే మిగులుతుంది. తాళంచెవి తెచ్చుకునేటప్పటికే, ఏం దొరకబోతోందో ఐక్‌కి తెలుసని ఫాక్నర్ ముందే చెప్పేస్తాడు. ఇక్కడ గుట్టంటే అందరికీ తెలిసి, ఎవరూ పైకి అనని సంగతి. దాచేది జరిగిన పనిని కాదు, ‘నా బిడ్డ’ అన్న మాటను. ఆ మాట బదులు ప్రతి తరమూ ఇంకేదో చెల్లిస్తుంటుంది: డబ్బు, భూమి, ఒక్కోసారి ప్రాణం.

ఇది రచయితల కల్పన అనుకోనక్కర్లేదు. దక్షిణ కెరొలైనాకు చెందిన మేరీ చెస్నట్ అనే సంపన్న గృహిణి 1861లో తన డైరీలో ఒక చురక వేసింది. ఊళ్లో ప్రతి ఇల్లాలూ పక్కిళ్లలోని మిశ్రమ రక్తపు పిల్లలకు తండ్రెవరో చెప్పగలదట, తన ఇంట్లో పిల్లలు మాత్రం మబ్బుల్లోంచి రాలిపడ్డారనుకుంటుందట. ఆమె బానిసలున్న ఇంటి కోడలే, బయటి నుంచి వచ్చి విమర్శించిన మనిషి కాదు.

జమీందారీ లోగిళ్లలో ‘రెండో ఇంటి’ పిల్లల సంగతులు విన్న తెలుగు పాఠకుడికి ఇక్కడిదాకా కొత్తేమీ అనిపించకపోవచ్చు. తేడా చట్టంలో ఉంది. ఇంగ్లిష్ సంప్రదాయంలో బిడ్డ హోదా తండ్రిని బట్టి వచ్చేది. 1662లో వర్జీనియా వలస ప్రభుత్వం దాన్ని తిరగేసింది: తల్లి బానిస అయితే బిడ్డా బానిసే, తండ్రి ఎవరైనా సరే. మిగతా దక్షిణాది వలసలూ అదే దారి పట్టాయి. ఈ ఒక్క నియమం ఏం చేసిందో చూడండి. యజమాని తన బానిస స్త్రీకి బిడ్డను కంటే, ఆ బిడ్డ పట్ల అతనికి బాధ్యత ఉండదు సరికదా, ఆస్తి ఒక తల పెరుగుతుంది. ఒప్పుకుంటే నష్టం, ఊరుకుంటే లాభం. 1808లో బయటి నుంచి బానిసల దిగుమతి నిషేధించాక, ఇక్కడే పుట్టే బిడ్డల విలువ ఇంకా పెరిగింది. మౌనాన్ని పరువుతోనో సిగ్గుతోనో మాత్రమే ముడిపెట్టే వివరణలు నాకు అందుకే సగమే అనిపిస్తాయి. జమాఖర్చుల్లో మౌనానికి పక్కా స్థానం ఉంది. తండ్రి ఒప్పుకోని పిల్లలు ఇంటి వాళ్లుగా ఉండరు, ఇంటి సామానుగా ఉంటారు.

ప్రభుత్వ కాగితాలూ ఇదే పద్ధతి పాటించాయి. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు వేరే పట్టికలు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు. పేరు రాసే ఆనవాయితీ లేదు. విముక్తులైన నల్లజాతి వాళ్లు పేర్లతో జనాభా లెక్కలకెక్కింది 1870లోనే. వంశవృక్షాలు వెతుక్కునే ఆఫ్రికన్ అమెరికన్లకు ఈనాటికీ అక్కడొక గోడ అడ్డం వస్తుంది. దాని వెనక్కి వెళ్లాలంటే యజమానుల వీలునామాలూ అమ్మకపు పత్రాలూ చిట్టాలూ వెతకాలి. ఐక్ వెతికినట్టే.

ఐక్ తర్వాత ఏం చేస్తాడన్నది ఆ పుస్తకంలో అసలైన పేచీ. ఇరవయ్యొకటో ఏట తనకు రావలసిన భూమినంతా వదులుకుని వడ్రంగి పని చేసుకుని బతుకుతాడు. టర్ల్ తీసుకోని ఆ వెయ్యిని, తాత కొడుకులిద్దరూ టర్ల్ పిల్లలు ముగ్గురికీ తలా వెయ్యిగా పెంచి ఉంటారు. ఆ డబ్బు అందించాలని ఐక్ పట్టుదల. పెద్దవాడు జేమ్స్ ఎటో వెళ్లిపోయాడు, జాడ దొరకలేదు. కూతురు ఫోన్సిబాను వెతుక్కుంటూ ఆర్కన్సా దాకా వెళ్లి, నెలకు మూడు డాలర్ల చొప్పున అందేలా బ్యాంకులో ఏర్పాటు చేస్తాడు. చిన్నవాడు ల్యూకస్ మాత్రం, 1895లో ఇరవయ్యొకటి నిండిన రోజున తనే నడిచొచ్చి తన డబ్బు తాను అడుగుతాడు. నాకు ఈ ముగ్గురిలో ఇష్టుడు ల్యూకసే. ఐక్‌కి అర్ధరాత్రి చిట్టాల్లో దొరికిన సంగతి అతనికి పుట్టుకతోనే తెలుసు. ముసలి కరోథర్స్‌కి నేరుగా మగ సంతతి నుంచి వచ్చినవాణ్నని, ఇప్పుడు భూమి ఏలుతున్న ఎడ్మండ్స్ వాళ్లు ఆడపిల్ల తరఫు వాళ్లేనని అతనికి పొగరు కూడా. అంటే రహస్యం అన్న మాటే తెల్ల ఇంటి వైపు నుంచి చూస్తే పుట్టిన మాట. నల్ల ఇంట్లో అది వంశ చరిత్ర.

మరి తెల్ల ఇంటి పిల్లవాడికి ఈ మౌనం ఎలా అబ్బుతుంది? ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అదే పుస్తకంలో ఇంకో చోట ఫాక్నర్ చూపిస్తాడు. రోత్ ఎడ్మండ్స్ పుట్టినప్పుడే తల్లి పోతే, ల్యూకస్ భార్య మాలీ తన కొడుకు హెన్రీతోపాటు పాలిచ్చి పెంచింది. ఇద్దరూ ఒక పక్కలో పడుకున్నారు, ఒక బల్ల దగ్గర తిన్నారు. ఏడేళ్లు వచ్చాక ఒక రాత్రి, ఎప్పటిలా పక్కనెక్కబోయిన హెన్రీని రోత్ ‘వద్దు’ అని కసిరాడు. ఎందుకన్నాడో వాడికే తెలియదు. తాతల నాటి పొగరు ఆ రాత్రి వాడికి సంక్రమించింది. హెన్రీ కింద పరుపు మీద నిద్రపోయాడు, రోత్ మంచం మీద సిగ్గుతోనో దుఃఖంతోనో బిర్రబిగుసుకుపోయి మేలుకున్నాడు. నెల్లాళ్లకు ఉండబట్టలేక, ఈ రాత్రి మీతో తింటానని వాళ్లింటికి వెళ్లాడు. కోడి వండుతానంది మాలీ. పిలిస్తే వంటింట్లోకి వెళ్లాడు. బల్ల ఎప్పటి చోటే ఉంది, కోడి ముక్కలు పళ్లెం నిండా ఉన్నాయి, గ్లాసులో పాలున్నాయి. కుర్చీ ఒకటే. కంచం ఒకటే. నాతో తినడానికి సిగ్గా అని హెన్రీని అడిగాడు రోత్. నాకెవరన్నా సిగ్గు లేదు, నేనన్నా లేదు అన్నాడు హెన్రీ.

ఈ రోత్ నడివయసుకొచ్చాక, 1940 ప్రాంతంలో, ఒక యువతి చంటిబిడ్డతో వేట శిబిరానికి వస్తుంది. రోత్ ఆమెకు ఎదురుపడకుండా డబ్బు కవరొకటి ఎనభైకి దగ్గరపడ్డ ఐక్ చేతిలో పెట్టి వెళ్లిపోయి ఉంటాడు. మాటల్లో ఆమె ఎవరో తెలుస్తుంది. ఎటో వెళ్లిపోయిన జేమ్స్‌కి మనవరాలు. నూరేళ్లు దాటాక అదే వంశం, అదే పని, అదే డబ్బు. గుట్టు కనిపెట్టి, దాని కోసం ఆస్తి వదులుకున్న ఐక్ అప్పుడేం చేయాలి? కవరు ఆమెకిచ్చి, ఉత్తరాదికి వెళ్లి నీ జాతివాణ్ని చేసుకోమంటాడు. బిడ్డ కోసం పాత వేట కొమ్మొకటి ఇస్తాడు. ఇన్నేళ్లు బతికి ప్రేమ గురించి తెలిసిందంతా మర్చిపోయావా, ముసలాయనా అని అడిగి ఆమె వెళ్లిపోతుంది. చాలామంది విమర్శకులు ఐక్‌ని త్యాగిగా చదివారు. నాకు మాత్రం, నిజం తెలుసుకుంటే సరిపోదని చెప్పడానికే ఫాక్నర్ అతణ్ని అంతకాలం బతికించాడనిపిస్తుంది. భూమి వదులుకోవడం అతని చేతిలో పని కాబట్టి వదులుకున్నాడు, ‘మా ఇంటి ఆడపిల్ల’ అనడం కూడా అతని చేతిలో పనే.

ఆరేళ్ల ముందు, 1936లో వచ్చిన ‘ఆబ్సలోమ్, ఆబ్సలోమ్!’లో ఈ చెప్పని మాట ఇంకా ఘోరమైన ధర పలుకుతుంది. థామస్ సట్పెన్ పేదింటి పిల్లవాడిగా వర్జీనియాలో ఒక దొర ఇంటికి కబురు చెప్పడానికి వెళితే, ముఖద్వారం దగ్గర నల్ల నౌకరు అడ్డుకుని పెరటి వైపుకు పొమ్మంటాడు. ఆ అవమానంతో తనూ దొర కావాలని పంతం పట్టి, 1833లో మిసిసిపీకి వచ్చి నూరు చదరపు మైళ్ల ఎస్టేట్ నిలబెడతాడు. అంతకుముందు హైతీలో చేసుకున్న భార్యలో నల్లజాతి రక్తముందని తెలిసి ఆమెనూ కొడుకునూ వదిలేసి వచ్చాడు. ఆ కొడుకు చార్ల్స్ బాన్ ఎదిగి, సట్పెన్‌కి రెండో భార్య వల్ల పుట్టిన హెన్రీతో స్నేహం చేసి, ఆ హెన్రీ చెల్లెలు జూడిత్‌తో పెళ్లికి సిద్ధపడతాడు. 1865లో, ఉత్తర దక్షిణాల మధ్య అంతర్యుద్ధం ముగిశాక, ఎస్టేట్ గేటు దగ్గర హెన్రీ అతణ్ని కాల్చేస్తాడు.

ఎందుకు కాల్చాడన్నది నవల మొత్తం. తెలిసినవాళ్లంతా పోయారు. 1910లో హార్వర్డ్ హాస్టల్ గదిలో క్వెంటిన్ అనే మిసిసిపీ కుర్రాడూ, ష్రీవ్ అనే కెనడా కుర్రాడూ చలికి వణుకుతూ, విన్న ముక్కలు అతికించుకుంటూ కథ అల్లుతారు. కాబట్టి మనకు తెలిసిన ‘నిజం’లో చాలా భాగం ఊహ. వాళ్ల ఊహలో, అన్నాచెల్లెళ్ల మధ్య పెళ్లిని హెన్రీ ఎలాగో జీర్ణించుకుంటాడు, రాజులు చేసుకోలేదా అని సర్దిచెప్పుకుంటాడు. బాన్‌లో నల్లరక్తముందన్న మాట మాత్రం మింగుడుపడదు. వావివరసలు తప్పినా ఓర్చుకున్నవాడు రంగు దగ్గర ఆగిపోయాడు. ఇక బాన్ కోరిక ఎంత చిన్నదంటే, తండ్రి ఒక్క సైగ చేసినా జూడిత్‌ని వదిలి వెళ్లిపోతాడు. ‘నేను నీ తండ్రిని, ఇది చదివి కాల్చెయ్’ అని రాసినా చాలు, కాల్చేస్తానంటాడు. సట్పెన్ రాయడు. ఒకప్పుడు తనను ముఖద్వారం దగ్గర తిప్పి పంపినట్టే కొడుకును పంపేస్తాడు. ఆ ఇంటికి చివరికి మిగిలేది బాన్ మనవడు జిమ్ బాండ్ ఒక్కడే, మతి సరిగా లేనివాడు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని మనకో సామెత. సట్పెన్ లంక గుట్టు బయటపడినందుకు కాలలేదు, లోపలే కూరి ఉంచినందుకు కాలింది.

ఫాక్నర్ దగ్గరే ఆగిపోతే ఈ సంప్రదాయం తెల్లవాళ్ల అపరాధ భావనగా మాత్రమే కనిపిస్తుంది. అతని కన్నా ముప్పై అయిదేళ్ల ముందే నార్త్ కెరొలైనాలో పెరిగిన ఆఫ్రికన్ అమెరికన్ రచయిత చార్ల్స్ చెస్నట్ ఇదంతా రెండో వైపు నుంచి రాశాడు. (డైరీ మేరీ చెస్నట్‌కీ ఈయనకూ సంబంధం లేదు.) 1901 నాటి ‘ది మారో ఆఫ్ ట్రెడిషన్’లో ఒలీవియా తెల్ల ఇల్లాలు, జానెట్ నల్ల వైద్యుడి భార్య. ఇద్దరికీ ఒకే తండ్రి, ముఖాలూ ఒకేలా ఉంటాయి. ఒలీవియా జానెట్‌ని వీధిలో చూసినా చూడనట్టు వెళుతుంది. చనిపోయిన పెద్దావిడ కాగితాల్లో ఒకరోజు తండ్రి వీలునామా, ఆ తర్వాత పెళ్లిపత్రం బయటపడతాయి. యుద్ధం ముగిశాక సైనిక పాలన నాళ్లలో ఆయన జానెట్ తల్లిని చట్టబద్ధంగా పెళ్లి చేసుకున్నాడు. అంటే జానెట్ ఔరస సంతానం, వాటాదారు. ఒలీవియా రెంటినీ నిప్పుల్లో వేస్తుంది.

ఇక్కడ మనస్తత్వం చెస్నట్ చక్కగా పట్టుకున్నాడు. తండ్రి తప్పు చేశాడనుకున్నంత కాలం ఒలీవియాకు హాయి, చెల్లెల్ని అసహ్యించుకోవడానికి అదే ఆధారం. తప్పు చేయలేదు, పెళ్లి చేసుకున్నాడని తెలిశాకే నిద్ర పట్టదు. పాపం కంటే చట్టబద్ధతే ఆమెను భయపెట్టింది. నవల చివర్లో, 1898 నవంబరులో విల్మింగ్టన్‌లో తెల్ల మూకలు ఎన్నికైన నగర ప్రభుత్వాన్ని కూలదోసి నల్లవాళ్లను చంపిన నిజ సంఘటనను మారుపేరుతో తెచ్చాడు. ఆ అల్లర్లలో జానెట్ కొడుకు చనిపోతాడు. అదే రాత్రి ఒలీవియా కొడుక్కి గొంతు పూడుకుపోతుంటే ఆపరేషన్ చేయగలిగింది జానెట్ భర్తే. ఒలీవియా ఆ గుమ్మంలో మోకరిల్లి, నువ్వు నా చెల్లెలివి, తండ్రి పేరులో ఆస్తిలో నీకు హక్కుంది అని మొదటిసారి పైకంటుంది. జీవితమంతా ఎదురుచూసిన ఆ మాటను జానెట్ విసిరికొడుతుంది: నీ తండ్రి పేరూ వద్దు, ఆస్తీ వద్దు, నీ అక్కరికమూ వద్దు, వాటికి ఖరీదు ఎక్కువైపోయింది. భర్తను మాత్రం పంపిస్తుంది. ఒప్పుకోలు వస్తే కథ సుఖాంతమన్న ఆశను చెస్నట్ అలా తుంచేశాడు. అవసరం పడి పలికిన మాటకు విలువెంత అని అడిగినవాళ్లు ఆ కాలంలో అరుదు.

కాగితాలు కాల్చేశాక సాక్ష్యం ఎక్కడుంటుంది? గేల్ జోన్స్ 1975 నవల ‘కొరెజిడోరా’ ఈ ప్రశ్న మీదే నిలబడింది. కెంటకీలో బ్లూస్ పాడుకునే ఉర్సా వాళ్ల ఇంట్లో రహస్యం లేదు, దానికి తలకిందుల రోగం ఉంది. ముత్తవ్వను బ్రెజిల్‌లో బానిసగా ఉంచుకున్న కొరెజిడోరా అనే యజమాని, ఆమెకు పుట్టిన తన కూతుర్ని కూడా చెరిచాడు. 1888లో బానిసత్వం రద్దయ్యాక బ్రెజిల్ ప్రభుత్వం ఆ రికార్డులు కాల్పించింది. అందుకని ఆ ఇంటి ఆడవాళ్లు ఒక నిర్ణయానికొచ్చారు: పిల్లల్ని కనాలి, కన్న ప్రతి బిడ్డకూ అదే కథ, అవే మాటల్లో, అయిదేళ్ల వయసు నుంచే ఎక్కించాలి. పిల్లలే సాక్ష్యం. ఉర్సా భర్తతో గొడవలో మెట్ల మీంచి పడి గర్భసంచి పోగొట్టుకుంటుంది. ఇక సాక్ష్యం ఎవరిని కనాలి, ఎవరికి చెప్పాలి? మౌనం పిల్లల్ని నలిపేసినట్టే, తప్పనిసరి జ్ఞాపకమూ నలిపేస్తుందని ఇంత నిర్మొహమాటంగా రాసిన పుస్తకం ఇంకోటి నేను చదవలేదు. పైగా అన్నీ చెప్పే ఆ ఇంట్లోనూ చెప్పనిది ఒకటి మిగిలిపోయింది, అమ్మ సొంత కాపురం. ముత్తవ్వ కథ తప్ప తన కథకు ఆమె నోట చోటు లేకపోయింది. ఉర్సా వెళ్లి అడిగి చెప్పించుకుంటుంది.

రంగుతో సంబంధం లేని గుట్లూ దక్షిణాది నవలల్లో లేకపోలేదు. రాబర్ట్ పెన్ వారెన్ ‘ఆల్ ద కింగ్స్ మెన్’ (1946)లో జాక్ బర్డెన్ తను గౌరవించే జడ్జి పాత లంచం కాగితం తవ్వితీస్తాడు, జడ్జి కాల్చుకున్నాక ఆయనే తన తండ్రని తెలుస్తుంది. పట్టు ఉన్న కథే. కానీ అక్కడ నిజం తెలిశాక కొడుక్కి ఇల్లు దక్కుతుంది, టర్ల్ పిల్లలకు దక్కినది గుర్తుంటే ఈ తేడా చిన్నదేం కాదు.

ఇదంతా పాత సంగతి అనుకునేవాళ్లకు 2003 చాలు. దక్షిణ కెరొలైనా సెనేటర్ స్ట్రోమ్ థర్మండ్ 1948లో జాతి విభజన కొనసాగాలంటూ అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. 1957లో పౌరహక్కుల బిల్లును అడ్డుకోవడానికి సెనేట్‌లో 24 గంటల 18 నిమిషాలు ఏకబిగిన మాట్లాడాడు. నూరేళ్లు నిండి 2003 జూన్‌లో పోయాడు. ఆ డిసెంబరులో 78 ఏళ్ల రిటైర్డ్ టీచర్ ఎస్సీ మే వాషింగ్టన్ విలియమ్స్ ముందుకొచ్చి తన తండ్రి ఆయనేనని చెప్పింది. తల్లి క్యారీ బట్లర్ వాళ్లింట్లో పనిచేసిన పదహారేళ్ల నల్ల అమ్మాయి. థర్మండ్ ఏళ్ల తరబడి కూతురికి గుట్టుగా డబ్బు ఇస్తూనే ఉన్నాడు. కుటుంబం ఒప్పుకుంది. రాష్ట్ర రాజధానిలో ఆయన విగ్రహం మీద నలుగురు పిల్లల తండ్రి అని చెక్కి ఉన్న అంకెను 2004లో అయిదుకు మార్చి ఆమె పేరు చేర్చారు. ఫాక్నర్ రాసి ఉంటే అతిశయోక్తి అనేవాళ్లం. ఫాక్నర్ ముత్తాతకే అలాంటి రెండో కుటుంబం ఉండి ఉండాలని చరిత్రకారుడు జోయెల్ విలియమ్‌సన్ 1993లో ఆధారాలు చూపి వాదించాడు.

చదవడం మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. ఫాక్నర్‌తో మొదలుపెట్టకండి. చెస్నట్ 1889లో రాసిన ‘ది షెరిఫ్స్ చిల్డ్రన్’ కథ ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది, కాపీహక్కులు ఎప్పుడో తీరిపోయాయి కాబట్టి ఉచితంగా దొరుకుతుంది. మూక నుంచి ఖైదీని కాపాడిన షెరిఫ్‌కి, ఆ ఖైదీ ఒకప్పుడు తనే తల్లితో సహా అమ్మేసిన కొడుకని తెలుస్తుంది. ఆ తర్వాత ‘గో డౌన్, మోజెస్’ పట్టుకోండి, పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని వంశవృక్షం మీరే గీసుకుంటూ వెళ్లండి. ‘ఆబ్సలోమ్’ ఆఖర్న కాలక్రమం, వంశావళి ఫాక్నరే ఇచ్చాడు. చివరి పేజీదాకా వాటి జోలికి పోకండి.